బొమ్మా బొరుసూ: అగస్టస్ చక్రవర్తి కథ

చదివే ముందు

ఇంట్లో ఉన్న నాణెం ఒకటి చేతిలోకి తీసుకోండి. అది ఏ దేశానిదైనా సరే. ముఖం ఉన్న వైపును తెలుగులో బొమ్మ అంటాం. రెండో వైపును బొరుసు అంటాం. క్రికెట్ ఆట మొదలయ్యే ముందు నాణెం ఎగరేసి బొమ్మా, బొరుసా అని అడుగుతారు కదా, అదే ఇది.

ఈ పాఠం రోమ్ మొదటి చక్రవర్తి అగస్టస్ గురించి. అతను సుమారు 2000 ఏళ్ల కిందట బతికాడు. అతను కట్టించిన భవనాలు చాలావరకు కూలిపోయాయి. కానీ అతని వెండి నాణేలు మాత్రం వేల సంఖ్యలో మిగిలాయి. కొన్ని మన తెలంగాణ మట్టిలో కూడా దొరికాయి! అవి అంత దూరం ఎలా వచ్చాయో చివర్లో తెలుసుకుందాం. ముందు ఆ నాణేల మీద ఏముందో చూస్తూ అతని కథ చెప్పుకుందాం. వాటి మీద ఏం లేదో కూడా గమనిద్దాం.

ఒక చిన్న మాట. క్రీ.పూ. అంటే క్రీస్తు పూర్వం. ఆ లెక్కలో సంవత్సరాలు తగ్గుతూ వస్తాయి. 63 తర్వాత 62, ఆ తర్వాత 61, అలా అన్నమాట. క్రీ.శ. అంటే క్రీస్తు శకం. అందులో మామూలుగానే పెరుగుతాయి.

1. చేతిలో పట్టే వార్తాపత్రిక

రోమన్ల వెండి నాణెం పేరు డెనారియస్. బరువు 4 గ్రాములకు కొంచెం తక్కువ. బొటనవేలి గోరు కంటే కాస్త పెద్దగా ఉంటుంది, అంతే. గల్ఫ్‌లో ఉండే పిల్లలకు ఈ పేరు ఎక్కడో విన్నట్టు అనిపిస్తుంది. కువైట్‌లో, బహ్రెయిన్‌లో వాడే దీనార్ అన్న మాట డెనారియస్ నుంచే వచ్చింది. సంస్కృతంలో, తెలుగులో అదే దీనారం అయింది. శ్రీనాథ కవికి విజయనగర రాజు నాణేలతో అభిషేకం చేయించాడని చెప్పే కథలో కూడా దీనారాలు వినిపిస్తాయి.

ఈ నాణేన్ని ఎలా చేసేవారో తెలుసా? ముందు వెండి కరిగించి గుండ్రని బిళ్లలు చేసేవారు. బొమ్మను తిరగేసి చెక్కిన ఇనుప అచ్చో, కంచు అచ్చో ఒకటి కింద ఉండేది. దాని మీద బిళ్ల పెట్టి, పైన ఇంకో అచ్చు పెట్టి, సుత్తితో గట్టిగా కొట్టేవారు. ఒక్క దెబ్బకు రెండు వైపులా బొమ్మలు పడేవి. చేత్తో చేసే పని కాబట్టి ఏ రెండు నాణేలూ అచ్చం ఒకేలా ఉండవు. కొన్నిట్లో బొమ్మ పక్కకు జరిగి, రాజుగారి ముక్కు అంచు మీదికి వచ్చేస్తుంది!

ఆ రోజుల్లో టీవీ లేదు, ఫోను లేదు. చాలామందికి చదవడం రాదు. రాజు ముఖం ఎలా ఉంటుందో పల్లెలో రైతుకు ఎలా తెలుస్తుంది? నాణెం చూస్తేనే తెలుస్తుంది. సైనికుడికి ఏడాదికి 225 డెనారియస్‌లు జీతం. అతను ఆ డబ్బు బజారులో ఖర్చు పెడితే రొట్టెల కొట్టుకు వెళ్తుంది. అక్కడి నుంచి రైతుకు వెళ్తుంది. అలా నాణెంతో పాటు దాని మీది బొమ్మ కూడా ఊరూరా తిరుగుతుంది. ఈ సంగతి అగస్టస్‌కు బాగా తెలుసు.

2. తండ్రి లేని పిల్లవాడు

అగస్టస్ అసలు పేరు గాయస్ ఆక్టేవియస్. క్రీ.పూ. 63లో సెప్టెంబర్ 23న రోమ్‌లో పుట్టాడు. వాళ్లది మరీ గొప్ప కుటుంబం కాదు, డబ్బున్న కుటుంబం. అతనికి నాలుగేళ్లప్పుడు తండ్రి దూర దేశంలో ఉద్యోగం ముగించుకుని ఇంటికి వస్తూ, దారిలో నోలా అనే ఊళ్లో చనిపోయాడు. ఈ ఊరి పేరు గుర్తుపెట్టుకోండి. కథ చివర్లో మళ్లీ వస్తుంది.

పిల్లవాణ్ణి కొన్నాళ్లు అమ్మమ్మ జూలియా పెంచింది. ఆమె తమ్ముడు ఎవరో కాదు, రోమ్‌లో పెద్ద సేనాపతి జూలియస్ సీజర్. అమ్మమ్మ చనిపోయినప్పుడు 12 ఏళ్ల మనవడే జనం ముందు నిలబడి ఆమె గురించి మాట్లాడాడు. అతను బలహీనంగా ఉండేవాడు. తరచూ జబ్బు పడేవాడు. అయినా సీజర్‌కు ఈ కుర్రవాడంటే ఇష్టం. సీజర్‌కు కొడుకుగా చెప్పుకోదగ్గ వారసుడు రోమ్‌లో లేడు.

క్రీ.పూ. 44 మొదట్లో సీజర్ ఒక కొత్త పని చేశాడు. తన ముఖాన్ని వెండి నాణేల మీద వేయించాడు. అంతకుముందు రోమ్ నాణేల మీద దేవతల ముఖాలు, చనిపోయిన పెద్దల ముఖాలు ఉండేవి. బతికి ఉన్న మనిషి ముఖం వేయడం రోమ్‌లో అదే మొదలు. చాలామందికి కోపం వచ్చింది. రోమన్లకు రాజు అనే మాటే గిట్టదు. ఇతను రాజు కావాలనుకుంటున్నాడా అని అనుమానపడ్డారు. ఆ ఏడాది మార్చి 15న బ్రూటస్, అతని స్నేహితులు కలిసి సీజర్‌ను సభలోనే కత్తులతో పొడిచి చంపేశారు.

3. వీలునామా

అప్పుడు ఆక్టేవియస్ వయసు 18. ఇప్పటి అల్బేనియా దేశంలో ఉన్న అపొలోనియా అనే ఊళ్లో చదువుకుంటున్నాడు. ప్రాణస్నేహితుడు అగ్రిప్పా కూడా అక్కడే ఉన్నాడు. సీజర్ చనిపోయాడన్న కబురు వచ్చింది. ఆ తర్వాత ఇంకో కబురు వచ్చింది. సీజర్ తన వీలునామాలో ఈ కుర్రవాణ్ణి కొడుకుగా దత్తత తీసుకున్నాడు. ఆస్తిలో ఎక్కువ భాగం అతనికే రాశాడు.

తల్లికి, మారుతండ్రికి భయం వేసింది. ఆ ఆస్తీ వద్దు, ఆ పేరూ వద్దన్నారు. సీజర్‌ను చంపినవాళ్లు ఇతన్ని మాత్రం వదులుతారా? కానీ అతను వినలేదు. రోమ్‌కు బయలుదేరాడు. సీజర్ పేరు పెట్టుకున్నాడు. చరిత్ర పుస్తకాల్లో ఈ కాలానికి అతన్ని ఆక్టేవియన్ అంటారు. మనమూ అలాగే పిలుద్దాం.

రోమ్‌లో సీజర్ డబ్బంతా సేనాపతి మార్క్ ఆంటోనీ చేతిలో ఉంది. రోమ్ పౌరులకు తలా 75 డెనారియస్‌లు ఇవ్వాలని సీజర్ వీలునామాలో ఉంది. అంటే సైనికుడి నాలుగు నెలల జీతం. ఆంటోనీ ఆ డబ్బు ఇవ్వలేదు. ఆక్టేవియన్ ఏం చేశాడంటే, తన ఆస్తులు అమ్మి మరీ జనానికి డబ్బు పంచాడు. ఆ కుర్రవాడు మాట మీద నిలబడేవాడని జనం అనుకున్నారు.

ఆ వేసవిలో సీజర్ జ్ఞాపకార్థం ఆటల పోటీలు పెట్టించాడు. అవి జరుగుతున్న రోజుల్లో ఆకాశంలో తోకచుక్క కనిపించింది. అది సీజర్ ఆత్మ అని, దేవతల్లో కలిసిపోయాడని జనం నమ్మారు. ఆక్టేవియన్ ఆ నమ్మకాన్ని పోనివ్వలేదు. తరువాతి కాలంలో అతను వేయించిన ఒక డెనారియస్‌కు బొమ్మ వైపు అతని ముఖం ఉంటుంది. బొరుసు వైపు ఎనిమిది కిరణాల తోకచుక్క, దాని పక్కన సీజర్ దేవుడని చెప్పే లాటిన్ మాటలు ఉంటాయి. తండ్రి దేవుడైతే కొడుకు ఎవరు? దేవుడి కొడుకు! నాణెం ఆ మాట పైకి అనకుండానే అనిపించింది.

4. నాణెం మీద లేని జాబితా

ఇప్పుడు చెప్పేది సంతోషమైన భాగం కాదు. కానీ చెప్పకపోతే కథ సగమే అవుతుంది.

క్రీ.పూ. 43లో ఆక్టేవియన్, ఆంటోనీ, లెపిడస్ అనే ఇంకో సేనాపతి కలిసి రోమ్‌ను తమ చేతుల్లోకి తీసుకున్నారు. శత్రువుల పేర్లు జాబితాగా రాసి ఊళ్లో అందరికీ కనపడేలా పెట్టారు. ఆ జాబితాలో ఉన్నవాణ్ణి ఎవరైనా చంపవచ్చు. చంపినవాడికి బహుమానం కూడా ఇస్తారు. అలా వందలమంది చనిపోయారు. గొప్ప వక్త సిసిరో కూడా వాళ్లలో ఒకడు. అతను అంతకుముందు ఆక్టేవియన్‌ను మెచ్చుకుని, సాయం చేసినవాడే. అయినా ఆక్టేవియన్ అతన్ని కాపాడలేదు. అప్పుడు ఆక్టేవియన్ వయసు 20.

దూరంగా ఉన్న బ్రూటస్ కూడా ఒక నాణెం వేయించాడు. దాని బొరుసు మీద రెండు కత్తులు, మధ్యలో ఒక టోపీ ఉంటాయి. బానిసత్వం నుంచి విడుదలైనవాళ్లు పెట్టుకునే టోపీ అది. సీజర్‌ను చంపి రోమ్‌కు స్వేచ్ఛ ఇచ్చామని దాని అర్థం. క్రీ.పూ. 42లో ఫిలిప్పీ అనే చోట యుద్ధం జరిగింది. బ్రూటస్ ఓడిపోయి ప్రాణం తీసుకున్నాడు.

5. ఓడ, మొసలి

తర్వాత రోమన్ల రాజ్యం రెండుగా చీలింది. పడమర ఆక్టేవియన్‌ది, తూర్పు ఆంటోనీది. ఆంటోనీ ఈజిప్టు రాణి క్లియోపాత్రాతో కలిసి ఉండిపోయాడు. చివరికి ఇద్దరి మధ్య యుద్ధం వచ్చింది. సైనికులకు జీతాలు ఇవ్వడానికి ఆంటోనీ లెక్కలేనన్ని డెనారియస్‌లు కొట్టించాడు. ఒక వైపు యుద్ధ నౌక, రెండో వైపు సైన్యం ధ్వజాలు. వాటిలో వెండి మామూలు డెనారియస్‌లలో కంటే కొంత తక్కువ. అందుకే జనం మంచి వెండి నాణేలు దాచుకుని, ఆంటోనీ నాణేలు ఖర్చుపెట్టేవారు. అలా చేతులు మారుతూ మారుతూ అవి 200 ఏళ్లకు పైగా బజార్లో తిరిగాయి. ఇప్పుడు దొరికేవాటిలో చాలావరకు అరిగిపోయి నున్నగా ఉంటాయి.

క్రీ.పూ. 31లో సెప్టెంబర్ 2న గ్రీసు తీరంలో, ఆక్టియం దగ్గర సముద్ర యుద్ధం జరిగింది. ఆక్టేవియన్ నౌకలను నడిపించి గెలిపించినవాడు పాత స్నేహితుడు అగ్రిప్పా. మరుసటి ఏడాది ఈజిప్టు లొంగిపోయింది. ఆంటోనీ, క్లియోపాత్రా ఇద్దరూ ప్రాణాలు తీసుకున్నారు.

ఈ గెలుపు మీద వచ్చిన డెనారియస్ చాలా ప్రసిద్ధి. బొరుసు మీద ఒక మొసలి, ఈజిప్టు మన చేతికి వచ్చిందని చెప్పే రెండు లాటిన్ మాటలు. అంతే! నైలు నది మొసలిని చూస్తే చదవడం రానివాళ్లకు కూడా ఈజిప్టు అని అర్థమవుతుంది. మరి ఆంటోనీ ఏడి? అతను రోమన్. రోమన్లే రోమన్లను చంపుకున్న యుద్ధం ఇది. ఆ సంగతి నాణెం మీద కనపడకూడదు. అందుకని మొసలి ఒక్కటే మిగిలింది.

ఈజిప్టు చేతికి రావడంతో ఎర్ర సముద్రం రేవులు కూడా రోమన్లవయ్యాయి. అక్కడి నుంచి భారతదేశానికి దారి ఉంది. అగస్టస్ కాలంలోనే ఒక్క రేవు నుంచి ఏడాదికి 120 ఓడలు మన దేశం వైపు బయలుదేరేవని గ్రీకు రచయిత స్ట్రాబో రాశాడు. ఈ సంగతి కూడా గుర్తుంచుకోండి.

6. కొత్త పేరు, ఆకుల కిరీటం

ఇప్పుడు ఆక్టేవియన్‌కు ఎదురు లేదు. కానీ సీజర్‌కు ఏం జరిగిందో అతను మరచిపోలేదు. తాను రాజునని ఎప్పుడూ అనలేదు. రోమ్‌లో తాను మొదటి పౌరుణ్ణి మాత్రమే అన్నాడు. సైన్యం మాత్రం అతని చేతిలోనే ఉంది! క్రీ.పూ. 27లో జనవరి 16న సభ అతనికి అగస్టస్ అనే బిరుదు ఇచ్చింది. పూజించదగినవాడు అని అర్థం. తరువాత ఒక నెలకు కూడా ఆ పేరే పెట్టారు. మనం జెండా పండగ చేసుకునే ఆగస్టు నెల అదే. దానికి ముందు వచ్చే జూలై, జూలియస్ సీజర్ పేరు.

సభ అతనికి ఓక్ చెట్టు ఆకులతో అల్లిన కిరీటం కూడా ఇచ్చింది. యుద్ధంలో తోటి పౌరుడి ప్రాణం కాపాడిన సైనికుడికి ఇచ్చే గౌరవం అది. అగస్టస్ ఆ ఆకుల కిరీటాన్ని నాణేల మీద వేయించాడు. పౌరులను కాపాడినందుకు అని దాని మధ్యలో రాసి ఉంటుంది.

పిల్లలూ, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. జాబితా పెట్టి పౌరులను చంపించినవాడూ, పౌరులను కాపాడినందుకు కిరీటం పొందినవాడూ ఒక్కడే. నాణెం అబద్ధం చెప్పిందా? పూర్తిగా అలా అనలేం. ఏళ్ల తరబడి సాగిన అంతర్యుద్ధాలు అతనితో ఆగిపోయాయి. రైతులు పొలాలకు తిరిగి వెళ్లారు. కానీ నాణెం ఒక వైపు కథే చెప్పింది.

ఇంకో ఉదాహరణ చూడండి. క్రీ.పూ. 53లో పార్థియన్లు, అంటే ఇప్పటి ఇరాన్ ప్రాంతాన్ని ఏలినవాళ్లు, రోమన్ సైన్యాన్ని ఓడించి వాళ్ల ధ్వజాలు పట్టుకుపోయారు. రోమన్లకు అది పెద్ద అవమానం. క్రీ.పూ. 20లో అగస్టస్ ఆ ధ్వజాలను తిరిగి తెప్పించాడు. సైన్యాన్ని దగ్గరదాకా పంపి భయపెట్టాడు. కానీ పని జరిగింది మాటలతోనే. యుద్ధం జరగలేదు. నాణెం మీద మాత్రం ఒక పార్థియన్ మోకాళ్ల మీద కూర్చుని, తల వంచి, ధ్వజం అందిస్తుంటాడు. చూసినవాళ్లు పెద్ద యుద్ధమే గెలిచారనుకుంటారు!

7. ఇంట్లో అగస్టస్

నాణేల మీద అగస్టస్ ముఖం అందంగా, యువకుడిలా ఉంటుంది. అతను 75 ఏళ్లు దాటేదాకా బతికాడు. అయినా ఏ నాణెం మీదా ముసలివాడు కాలేదు! అసలు మనిషి ఎలా ఉండేవాడో స్వెటోనియస్ అనే రచయిత తరువాతి కాలంలో రాశాడు. పొట్టిగా ఉండేవాడట. పళ్ల మధ్య సందులు ఉండేవట. చలికి అసలు ఓర్చుకోలేడు. చలికాలంలో నాలుగు చొక్కాలు ఒకదాని మీద ఒకటి వేసుకునేవాడట.

మన పెద్దవాళ్లు జాతకాలు చూసినట్టే రోమన్లూ చూసేవారు. అగస్టస్ తన రాశి మకరం అని చెప్పుకునేవాడు. ఆ బొమ్మతో వెండి నాణేలు కూడా వేయించాడు. రోమన్ల మకరానికి ముందు సగం మేక, వెనక సగం చేప.

పాచికలాట అంటే అతనికి చాలా ఇష్టం. ఒకసారి విందుకు వచ్చిన ఒక్కొక్కరికీ 250 డెనారియస్‌లు ఇచ్చి, పాచికలో, సరి బేసో ఆడుకోమన్నాడు. సైనికుడి జీతం ఏడాదికి ఎంతో పైన చదివారు కదా? లెక్క చూడండి! పండగ రోజుల్లో స్నేహితులకు పాతకాలపు నాణేలు, విదేశీ నాణేలు కానుకగా ఇచ్చేవాడు. అంటే నాణేలంటే అతనికి స్వయంగా కూడా సరదానే.

8. ఇద్దరు మనవలు

అగస్టస్‌కు కొడుకులు లేరు. ఒక్కతే కూతురు, జూలియా. ఆమెను స్నేహితుడు అగ్రిప్పాకు ఇచ్చి పెళ్లి చేశాడు. వాళ్లకు క్రీ.పూ. 20లో గాయస్, 17లో లూసియస్ పుట్టారు. తాత ఆనందానికి హద్దు లేదు. మనవలిద్దరినీ కొడుకులుగా దత్తత తీసుకున్నాడు. వాళ్లకు చదవడం తనే నేర్పాడు. తన చేతిరాత లాగే రాయాలని దగ్గర కూర్చోబెట్టుకుని దిద్దించాడు. భోజనాల వేళ వాళ్లు తన దగ్గరే ఉండాలి. ప్రయాణాల్లో వాళ్ల బండి ముందు నడవాలి, లేదా వాళ్లు గుర్రాల మీద తన పక్కనే రావాలి. చక్రవర్తి అయినా తాత తాతే కదా!

క్రీ.పూ. 13లో వచ్చిన ఒక డెనారియస్ మీద జూలియా తల మధ్యలో, ఆమె కొడుకుల తలలు రెండు పక్కలా ఉన్నాయి. అమ్మ, ఇద్దరు పిల్లలు. ఆ మరుసటి ఏడాది వాళ్ల నాన్న అగ్రిప్పా చనిపోయాడు.

క్రీ.పూ. 2లో సభ అగస్టస్‌ను దేశానికి తండ్రి అని పిలిచింది. అదే ఏడాది అతను కూతురు జూలియా మీద కోపంతో, ఆమె ప్రవర్తన వల్ల కుటుంబానికి చెడ్డపేరు వచ్చిందని, ఒక చిన్న దీవికి పంపేశాడు. ఆ తరువాత రోమ్‌లో అడుగుపెట్టనివ్వలేదు. అగస్టస్ నాణేలన్నిటిలో ఎక్కువగా దొరికేది ఆ రోజుల్లో మొదలైనదే. ఇప్పటి ఫ్రాన్స్‌లో లియాన్ అని పిలిచే ఊళ్లో దాన్ని కొట్టేవారు. బొమ్మ వైపు అగస్టస్ ముఖం, చుట్టూ దేశానికి తండ్రి అనే బిరుదు. బొరుసు వైపు గాయస్, లూసియస్ నిలబడి ఉంటారు. ఇద్దరి పక్కనా డాళ్లు, ఈటెలు. వాళ్ల తలల మధ్య పూజారులు వాడే గరిటె, వంకీ కర్ర. నా తర్వాత వీళ్లే అని తాత లోకానికి చెప్పిన మాట ఆ నాణెం. వాళ్ల అమ్మ మాత్రం దాని మీద లేదు.

కానీ ఆ కోరిక తీరలేదు. క్రీ.శ. 2లో లూసియస్ ఇప్పటి ఫ్రాన్స్ తీరంలోని మార్సే ఊళ్లో జబ్బుచేసి చనిపోయాడు. ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. క్రీ.శ. 4లో గాయస్ యుద్ధంలో తగిలిన గాయంతో, ఇప్పటి టర్కీ తీరంలో, ఇంటికి చేరకుండానే చనిపోయాడు. పాతికేళ్లు నిండలేదు.

నాణేలు మాత్రం బజారులో తిరుగుతూనే ఉన్నాయి. రొట్టెలు కొనేవాళ్ల చేతుల్లో ఆ ఇద్దరు అన్నదమ్ములు డాళ్లు పట్టుకుని ఇంకా నిలబడే ఉన్నారు. ఏదైనా పని మీద ఆ నాణెం ముట్టుకున్నప్పుడల్లా తాతకు ఎలా ఉండేదో మీరే ఊహించండి.

9. చివరి రోజు

వారసుడిగా అగస్టస్ భార్య లివియా కొడుకు టైబీరియస్ మిగిలాడు. అతను మంచి సేనాపతి. అయినా అగస్టస్ అతన్ని ముందుగా కోరుకోలేదు. మనవలు పోయాకే అతన్ని దత్తత తీసుకున్నాడు.

క్రీ.శ. 14లో ఆగస్టు 19న, తన పేరు పెట్టిన నెలలోనే, అగస్టస్ చనిపోయాడు. ఎక్కడో తెలుసా? నోలాలో. అతని తండ్రి కన్నుమూసిన గదిలోనే అని చెబుతారు. ఆ రోజు అద్దం తెప్పించుకుని, జుట్టు దువ్వించుకున్నాడట. నాటకంలో నా వేషం బాగా వేశానా అన్నట్టు స్నేహితులను అడిగాడట. జీవితమంతా తన ముఖం లోకానికి ఎలా కనపడాలో ఆలోచించిన మనిషి, చివరి రోజున కూడా అదే ఆలోచించాడు.

10. నల్గొండ మట్టిలో

ఇప్పుడు మొదట్లో చెప్పిన మాటకు వద్దాం. తెలంగాణలో నల్గొండ జిల్లాలో అక్కనపల్లి అనే ఊరుంది. అక్కడ 1500కు పైగా రోమన్ వెండి నాణేలు ఒకేచోట దొరికాయి. అగస్టస్, టైబీరియస్‌ల నాటి డెనారియస్‌లు అవి. దక్షిణ భారతదేశంలో దొరికే రోమన్ వెండి నాణేల్లో ఎక్కువగా కనిపించే రకాలు రెండు. ఒకటి టైబీరియస్‌ది. రెండోది ఏదో చెప్పగలరా? గాయస్, లూసియస్ నిలబడి ఉన్న నాణెమే!

అవి ఇక్కడికి ఎలా వచ్చాయి? రోమన్లకు మన మిరియాలు కావాలి, సన్నని నూలు బట్టలు కావాలి. ఎర్ర సముద్రంలో బయలుదేరిన ఓడలు రుతుపవనాల గాలితో మన తీరానికి చేరేవి. ఆ కాలంలో గ్రీకు భాషలో ఒక నావికుడు రాసిన పుస్తకంలో కృష్ణా నది ముఖద్వారం వైపు ప్రాంతం గురించి కూడా ఉంది. అక్కడ సన్నని బట్టలు చాలా నేస్తారని రాశాడు. మనవాళ్లు సరుకు ఇచ్చి వెండి, బంగారం తీసుకునేవారు. ఏటా 5 కోట్ల సెస్టర్స్‌లు భారతదేశానికి వెళ్లిపోతున్నాయని రోమ్‌లో ప్లినీ అనే రచయిత వాపోయాడు. 4 సెస్టర్స్‌లు ఒక డెనారియస్‌తో సమానం.

సంగారెడ్డి జిల్లాలో కొండాపూర్ అనే ఊరుంది. హైదరాబాదులోని కొండాపూర్ కాదు, ఇది వేరే. అక్కడ శాతవాహనుల కాలంనాటి ఊరు తవ్వకాల్లో బయటపడింది. రోమన్ నాణేల్లాగా మట్టితో చేసిన బిళ్లలు కూడా దొరికాయి. దారం కట్టి మెడలో వేసుకునేవారు. మన ఊళ్లలో కాసులపేరు వేసుకున్నట్టే! వాటి మీది ముఖం ఎవరిదో, వాళ్ల ఇంట్లో ఏం జరిగిందో వేసుకున్నవాళ్లకు తెలియదు. అందంగా ఉందని వేసుకున్నారు.

రోమ్‌లో ఒక తాత తన మనవలు లోకాన్ని ఏలాలని నాణెం కొట్టించాడు. వాళ్లు ఏలలేదు. కానీ వాళ్లు ఎప్పుడూ చూడని మన నేలలో, వెండిలో పదిలంగా 1900 ఏళ్లకు పైగా నిలబడి ఉన్నారు. ఈసారి మీ చేతికి ఏ నాణెం వచ్చినా బొమ్మ చూడండి, బొరుసు చూడండి. ఆ తర్వాత ఇందులో ఎవరు లేరు అని కూడా అడగండి.

కొత్త మాటలు

వీలునామా: నేను చనిపోయాక నా ఆస్తి ఎవరికి చెందాలో ముందే రాసిపెట్టే కాగితం
దత్తత: వేరేవాళ్ల బిడ్డను తన బిడ్డగా చేసుకోవడం
వారసుడు: పెద్దల తర్వాత ఆస్తి లేదా పదవి పొందేవాడు
అంతర్యుద్ధం: ఒకే దేశం మనుషులు తమలో తాము చేసుకునే యుద్ధం
ధ్వజం: జెండా, లేదా సైన్యం ముందు పట్టుకుని నడిచే గుర్తు
డాలు: కత్తి దెబ్బ తగలకుండా అడ్డుపెట్టుకునేది
సరి, బేసి: 2, 4, 6 సరి సంఖ్యలు, 1, 3, 5 బేసి సంఖ్యలు
వాపోవు: బాధపడుతూ చెప్పుకొను

జవాబులు చెప్పండి

1. సీజర్ తన ముఖం నాణెం మీద వేయించినప్పుడు రోమన్లకు ఎందుకు కోపం వచ్చింది?
2. ఈజిప్టు గెలుపు నాణెం మీద మొసలి ఉంది, ఆంటోనీ లేడు. ఎందుకు?
3. విందుకు వచ్చిన ఒక అతిథికి ఇచ్చిన డబ్బు, సైనికుడి ఏడాది జీతం కంటే ఎన్ని డెనారియస్‌లు ఎక్కువ?
4. క్రీ.పూ. 13 నాటి నాణెం మీద ఉండి, గాయస్, లూసియస్ నిలబడి ఉన్న నాణెం మీద లేనిది ఎవరు? ఎందుకు?
5. పౌరులను కాపాడినందుకు అని అగస్టస్ నాణెం మీద రాయడం సరైనదేనా? మీ అభిప్రాయం ఐదు వాక్యాల్లో రాయండి.

చేసి చూద్దాం

మీరు ఉండే దేశం నాణెం ఒకటి, భారతదేశం నాణెం ఒకటి పక్కపక్కన పెట్టండి. రెండిటి మీదా ఉన్న బొమ్మలు, అంకెలు, అక్షరాలు చూసి ఒక పట్టిక రాయండి. తర్వాత మీ కుటుంబం కోసం ఒక నాణెం గీయండి. బొమ్మ వైపు ఎవరిని పెడతారు? బొరుసు వైపు ఏం పెడతారు? అలా ఎందుకు పెట్టారో అమ్మకో, నాన్నకో, తాతయ్యకో, అమ్మమ్మకో తెలుగులో చెప్పండి.